నల్లతెర గుమ్మానికి చీపురు

హియెటాపెరా ఊళ్ళో మంచుదారి అంటే అర్మాస్ తహ్వనైనెన్, అర్మాస్ అంటే మంచుదారి. ఇది పొగడ్త కాదు, ఉన్న మాట. 1973 నుంచి నలభై ఒక్క చలికాలాలు చలికి గడ్డకట్టిన సరస్సు మీద మంచుగడ్డ మందం కొలిచి, ఇవాళ్టి నుంచి బండ్లు పోవచ్చు, ఇవాళ్టి నుంచి పోకూడదు అని చెప్పినవాడు ఆయనే. అన్ని చలికాలాల్లో ఒక్క బండి మునగలేదు. గుర్రాలున్న రోజుల్లో ఒక్క గుర్రం గిట్ట తడవలేదు. చదివింది ఊరి బడిలో ఆరో తరగతి. ఆ చదువుతోనే ఏటిలో దుంగలు తేలించే పనిలో మేస్త్రీ అయ్యాడు. సైన్యంలో ఉన్న పదకొండు నెలల్లో మంచి వంటవాడని కాగితం రాయించుకుని వచ్చాడు. 1966లో జిల్లా స్కీ పోటీల్లో ముప్పై కిలోమీటర్ల పరుగులో రెండోవాడిగా నిలిచాడు. మొదటివాడి స్కీలకి ఏం మైనం రాశారో ఎవరూ చూడలేదని ఈ రోజుకీ అంటాడు. తన చేతులతో మూడు ఆవిరిగదులు కట్టాడు. ఒకటి కాలిపోయింది. అది ఎందుకు కాలిందో తనకు తెలుసుననీ, సాక్ష్యం లేదు కాబట్టి చెప్పడం లేదనీ అంటాడు.

ఈ జాబితాలో చివర చేరిన పని మాత్రం ఎవరూ ఊహించనిది. డెబ్బై ఆరో ఏట ఆయన నల్లతెర కంప్యూటర్‌తో మాట్లాడటం నేర్చుకున్నాడు. బొమ్మలుండవు, వేలితో తోసేవి ఉండవు. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు, కొట్టిన ఆజ్ఞ, వచ్చిన జవాబు. అంతే. ఇష్టపడి నేర్చుకోలేదు. అనుమానపడి నేర్చుకున్నాడు.

అంతకు ముందు శరత్కాలంలో దారి సంఘం వాళ్ళు సరస్సు మధ్య ఒక కొలకర్ర దింపారు. అందులో ఏవో తీగలున్నాయి. అది గంటగంటకీ గడ్డ మందం ఎంతో, మూసేసిన పాత బడిలో పెట్టిన కంప్యూటర్‌కి పంపుతుంది. కంప్యూటర్ రోజూ పొద్దున ఆరింటికి ఆ అంకెను ఊరి పేజీలో పెడుతుంది. జనం ఫోన్లలో చూసుకుంటారు. ఈ ఏర్పాటంతా కౌకో హ్యూట్టినెన్ పట్టుదల. కౌకో సంఘం కార్యదర్శి, రంపపు మిల్లులో ముప్పై ఏళ్ళు కరెంటు పని చేసి రిటైరైనవాడు, అర్మాస్ కంటే మూడేళ్ళు చిన్న. చిన్నప్పుడు ఒకే బల్ల మీద కూర్చున్నారు. అప్పటినుంచీ ఒకరి మాట ఒకరికి సరిపడదు.

జనవరిలో కర్ర ముప్పై తొమ్మిది నుంచి నలభై రెండు సెంటీలకి వెళ్ళిందని పేజీ చెబితే, అర్మాస్ నమ్మలేదు. నలభై దాటితేనే కార్లు. తన పాత చోట బరమాతో గడ్డకి బెజ్జం తవ్వి చూశాడు, ముప్పై మూడు వచ్చింది. అడ్డగేటు దించేశాడు. ఆవలి గట్టు జనం మూడు కిలోమీటర్ల దారికి బదులు యాభై నాలుగు కిలోమీటర్లు చుట్టూ తిరిగి నాలుగు రోజులు తిట్టుకున్నారు. ఐదో రోజున అందరి ముందూ ఐదు చోట్ల తవ్వారు. కర్ర చెప్పిందే నిజం. అర్మాస్ తవ్విన చోట అడుగున ఊట ఉందట. దారిని మాత్రం ఆ యేడు అక్కణ్ణుంచి జరిపారు. సంఘం చేతులెత్తి తీర్మానించింది: ఇకనుంచి గేటు పేజీలోని అంకెను బట్టి లేస్తుంది, పడుతుంది. అర్మాస్ గేటు తాళ్ళు పట్టుకునే మనిషి మాత్రమే.

“అబద్ధం ఒక్కసారి చెప్పకపోతే ఎప్పుడూ చెప్పదని కాదు,” అన్నాడు అర్మాస్ మీటింగు నుంచి బయటికొస్తూ. మర్నాడే వెళ్ళి పౌరవిద్యా సంస్థ వాళ్ళ కంప్యూటర్ తరగతిలో పేరు రాయించుకున్నాడు. ఆ యంత్రం అబద్ధమాడిన రోజున పట్టుకోవడానికి దాని భాష రావాలి కదా.

తరగతి గురువారాలు పదింటికి, అదే పాత బడిలో, అదే యంత్రానికి తగిలించిన ఐదు తెరల మీద. చెప్పే ఆమె లిన్నేయా బక్‌లుండ్, నలభై ఏళ్ళ మనిషి, సముద్రతీరం నుంచి వచ్చి స్థిరపడింది, ఇంట్లో స్వీడిష్ మాట్లాడుతుంది. అర్మాస్ దృష్టిలో అది కూడా గమనించదగ్గ విషయమే. నేర్చుకునేవాళ్ళు ఐదుగురు. అందులో కౌకో ఒకడు.

“రెండక్షరాలు కొట్టండి, అర్మాస్ గారూ. ఎల్, ఎస్. ఈ గదిలో ఏమేం ఉన్నాయో చూపిస్తుంది,” అంది లిన్నేయా మొదటి రోజు.

“ఏ గదిలో?”

“మీరిప్పుడు నిలబడ్డ గదిలో.”

“నేను కూచున్నానమ్మా.”

“యంత్రం లోపల, అర్మాస్ గారూ. లోపల గదులుంటాయి. మీరెప్పుడూ ఏదో ఒక గదిలో ఉంటారు.”

“నన్నడక్కుండా లోపల పెట్టేశారన్నమాట,” అని అర్మాస్ రెండక్షరాలూ కొట్టాడు. పేర్లు వరసగా వచ్చాయి. వాటిని తన నీలం నోటుపుస్తకంలో ఎక్కించుకున్నాడు. మళ్ళీ కొట్టాడు. పుస్తకంతో సరిచూశాడు. తేడా లేదు. “ప్రస్తుతానికి,” అన్నాడు.

ఇంకో రోజు ఒక ఫైలుకి నకలు తీయడం నేర్పింది. ఆజ్ఞ కొట్టాడు. తెర ఏమీ అనలేదు.

“ఏం జరిగింది?”

“జరిగిపోయింది. పని సరిగా అయితే ఇది మాట్లాడదు. తప్పయితేనే నోరు తెరుస్తుంది.”

మిగతా నలుగురూ తలలూపారు. వాళ్ళకది సబబుగానే తోచింది.

“మా నాన్న కూడా అంతే,” అన్నాడు కౌకో. “నా పెళ్ళికి వచ్చి సూపు తాగి వెళ్ళిపోయాడు, ఒక్క మాట అనలేదు. బాగుందని అర్థం.”

“మీ నాన్న మా నాన్న గొడ్డలి తీసుకెళ్ళినప్పుడు కూడా ఒక్క మాట అనలేదు,” అన్నాడు అర్మాస్.

కానీ ఒకటి ఒప్పుకోవాలి. అనుమానపు మనిషికి అబ్బినట్టు ఆ విద్య ఇంకెవరికీ అబ్బలేదు. ఫైలు ఎవరిది, ఎంత పెద్దది, చివరిసారి ఎప్పుడు ముట్టుకున్నారు అని వరసల్లో చూపించే పొడుగాటి జాబితా ఒకటుంది. మిగతావాళ్ళకి అది తలనొప్పి, అర్మాస్‌కి పండగ. ఒక ఆజ్ఞ చెప్పినదాన్ని ఇంకో ఆజ్ఞలోకి పారించే నిలువు గీతని ఆయన మొదటి గంటలోనే పట్టేశాడు. పదివేల వరసల్లోంచి కావలసిన మాటున్న వరసల్నే ఏరి తీసే ఆజ్ఞ చెప్పగానే, “దుంగల చివర ముద్ర చూసి ఎవరివి వాళ్ళ వైపుకి కొక్కెంతో లాగడం, అంతేగా. నేనిది పద్దెనిమిదేళ్ళు చేశాను, తడిసిన బూట్లతో,” అన్నాడు. ఐదో వారానికి తరగతిలో లిన్నేయా అడిగిన ప్రతిదానికీ మొదట చెప్పినవాడు ఆయనే. లిన్నేయా ఆ మాట పై ఆఫీసుకి రాసిన నివేదికలో కూడా పెట్టింది. ఆ కాగితం నకలు అర్మాస్ ఇంట్లో, స్కీ కప్పు పక్కన ఉంది.

ఫిబ్రవరిలో స్క్రిప్టు రాయడం మొదలుపెట్టారు. స్క్రిప్టంటే ఇల్లు విడిచి వెళ్ళేటప్పుడు పనిమనిషికి బల్ల మీద రాసిపెట్టే చీటీ లాంటిది: ముందు ఇది చెయ్యి, తరవాత అది, ఇది లేకపోతే ఊరుకో. పేజీలో అంకె పెట్టే స్క్రిప్టు పాతబడిందని, దాన్నే తరగతిలో కొత్తగా రాయమంది లిన్నేయా. కర్ర పంపే అంకెలు ఒక ఫైల్లో గంటగంటకీ అడుగున చేరుతుంటాయి. స్క్రిప్టు ఆ చివరి వరస తీసుకుని పేజీలో రాయాలి.

“గడియారం ప్రకారం నడిచేదీ, మీరు చేత్తో నడిపేదీ ఒకేసారి రాస్తే పేజీ పాడవుతుంది. అందుకని స్క్రిప్టు మొదలవగానే ఒక ఖాళీ ఫైలు పెట్టాలి. అది ఉంటే ఇంకెవరూ లోపలికి రాకూడదు. పనయ్యాక తీసెయ్యాలి. దీన్ని తాళం అంటారు,” అంది.

తాళం అనగానే కుర్చీలు కిర్రుమన్నాయి.

“తాళమా? ఎవరి మీద?” అన్నాడు అర్మాస్.

“ఎవరి మీదా కాదు. పేరు అంతే.”

“ఇక్కడ తాళాలు వెయ్యరమ్మా.”

అది నిజం. హియెటాపెరాలో ఇంట్లో ఎవరూ లేకపోతే తలుపుకి చీపురు ఆనిస్తారు. వచ్చినవాడు చీపురు చూస్తాడు, గుమ్మంలోంచే తిరిగిపోతాడు. ఒకరు పెట్టిన చీపురు ఇంకొకరు తియ్యరు. పెట్టినవాడే తియ్యాలి. అలా ఆ ఖాళీ ఫైలుకి ‘చీపురు’ అని పేరు పెట్టారు. ఆ పేరు తానే పెట్టానని అర్మాస్ చెప్పుకుంటాడు. కౌకో కూడా తానే అంటాడు. లిన్నేయాకి ఆ పేరు ఎంత నచ్చిందంటే ఆ గంటంతా నవ్వుతూనే ఉంది. అంత నవ్వు ఎందుకో అర్మాస్‌కి అర్థం కాలేదు; అదీ గుర్తుపెట్టుకున్నాడు.

మార్చి మూడో వారంలో గాలి దక్షిణానికి తిరిగింది. చూరుల నుంచి నీళ్ళు కారాయి. పేజీలో మంగళవారం నలభై ఆరు. బుధవారం నలభై ఆరు. గురువారం నలభై ఆరు. అర్మాస్ పొద్దున్నే మెట్ల మీద నిలబడి, టోపీ లేకుండా, ముఖానికి తగిలే వెచ్చటి గాలిని పీలుస్తూ ఫోను వంక చూశాడు. మూడు రోజులు నీళ్ళు కారాక గడ్డ ఒక్క సెంటీ కూడా తగ్గకపోవడమా?

శుక్రవారం ఎనిమిదింటికి దారి మధ్యకి నడిచి వెళ్ళి, కర్ర పక్కనే, ఈసారి ఊట లేని చోటే, బరమా తిప్పాడు. ముప్పై ఎనిమిది. ఇంకో రెండు చోట్ల తవ్వాడు. ముప్పై ఎనిమిది, ముప్పై ఎనిమిది. అదీ మార్చి గడ్డ, పుల్లలు పుల్లలుగా విడిపోయేది. జనవరిలో ముప్పై ఎనిమిది వేరు, ఇది వేరు.

పన్నెండింటికి చర్చి వాళ్ళ వ్యాను ఈ దారిన ఆవలి గట్టుకి పోయి, ఆరుగురు ముసలమ్మల్ని భోజనానికి తీసుకురావాలి. మూడు టన్నుల వ్యాను. ప్రతి శుక్రవారం వెళ్తుంది.

సంఘం అధ్యక్షురాలు హిల్యా నెవలైనెన్‌కి ఫోన్ చేశాడు.

“పేజీలో ఎంతుంది, అర్మాస్?” అందామె.

“నలభై ఆరు. కానీ...”

“అయితే నలభై ఆరే.”

“నేనిప్పుడే తవ్వాను, హిల్యా. మూడు చోట్ల.”

“జనవరిలో కూడా తవ్వావు,” అంది హిల్యా. గొంతులో ఎగతాళి లేదు. అదే ఎక్కువ గుచ్చుకుంది. “నా మనవరాలి కాన్పుకి యాభై నాలుగు కిలోమీటర్లు తిరిగి వెళ్ళాను. పేజీ తప్పైతే పేజీని సరిచేయించు. గేటు మాత్రం నీ అంతట నువ్వు దించకు. ఈసారి దించితే తాళ్ళు కూడా ఇంకొకరికిస్తారు.”

అర్మాస్ నేరుగా పాత బడికి వెళ్ళాడు. తలుపు తోస్తే తెరుచుకుంది. కోటు విప్పకుండానే కూర్చుని, కర్ర పంపిన అంకెల ఫైలు తోక చూపించమన్నాడు. వరసలు వచ్చాయి. చివరిది, పది గంటలది: ముప్పై ఎనిమిది. మంగళవారం సాయంత్రం నలభై ఆరు, అక్కణ్ణుంచి మెట్లు దిగినట్టు నలభై ఐదు, నలభై మూడు, నలభై ఒకటి.

కర్ర నిజమే చెబుతోంది. పేజీ మాత్రం నలభై ఆరంటోంది. మధ్యలో ఎవరో ఉన్నారు.

పొడుగాటి జాబితా అడిగాడు. పేజీ ఫైలు చివరిసారి ముట్టుకున్నది మంగళవారం సాయంత్రం ఐదు యాభై. దాని కింద, ఐదు యాభై రెండుకి పుట్టిన ఖాళీ ఫైలు: చీపురు. యజమాని పేరు: కౌకో.

అర్మాస్ వీపు కుర్చీకి ఆనించి ఆ వరస మూడుసార్లు చదివాడు. నిన్న తరగతిలో అందరూ జాబితా తెప్పించారు, అందరి తెర మీదా ఈ చీపురు పేరు వచ్చింది. తనూ చూశాడు. ఎవరో లోపల పనిలో ఉన్నారు కాబోలని ఊరుకున్నాడు. ఐదుగురికి ఐదుగురూ అలాగే ఊరుకుని ఉంటారు. రోజూ పొద్దున ఆరింటికి స్క్రిప్టు వచ్చి, గుమ్మంలో చీపురు చూసి, తాము నేర్పిన మర్యాద ప్రకారం మాట్లాడకుండా తిరిగిపోతోంది. మూడు రోజులుగా.

చీపురు పెట్టింది కౌకో. కావాలనే పెట్టాడా? మార్చి ఆఖరిదాకా దారి నడిస్తే తన కొలకర్ర గొప్పదని సంఘంలో చెప్పుకోవచ్చు. తనకున్న గేటు దించే హక్కు పోగొట్టినవాడు, గేటు దించే అవసరమే కనపడకుండా చేస్తే?

ఆ చీపురు తీసెయ్యడం అర్మాస్‌కి వచ్చు. రెండక్షరాల ఆజ్ఞ, ఒక పేరు. లిన్నేయా వాళ్ళందరికీ ఆ గదిలో సమాన హక్కులిచ్చింది. ఇంకా సులువైనది ఇంకోటుంది: పేజీ ఫైల్లో తనే ముప్పై ఎనిమిది అని రాసెయ్యొచ్చు. నిజమైన అంకే కదా. వేళ్ళు మీటల మీద పెట్టాడు. పెట్టి, తీశాడు. నలభై ఒక్క చలికాలాల్లో తను కొలిచినది తన పుస్తకంలో రాశాడు గాని, ఇంకొకరి పుస్తకంలో చెయ్యి పెట్టలేదు. ఇంకొకరి చీపురు తియ్యలేదు. ఇవాళ పేజీలో రాసేస్తే, రేపు కౌకో ఇదే జాబితా తెప్పించి యజమాని గడిలో తన పేరు చూపిస్తాడు.

పదిన్నర. అర్మాస్ లేచాడు.

కౌకో ఇల్లు బడికి ముప్పావు కిలోమీటరు. బురదమంచులో నడిచి వెళ్ళేసరికి తలుపుకి చీపురు ఆనించి ఉంది. నిజం చీపురు, బిర్చి చెట్టు పుల్లలది. పొగగొట్టంలోంచి పొగ వస్తోంది. కౌకో బూట్లు మెట్ల మీదే ఉన్నాయి.

అర్మాస్ గుమ్మానికి నాలుగు గజాల ఇవతల ఆగిపోయాడు. తలుపు వైపు ముఖం పెట్టకుండా, పెరట్లోని కట్టెల గుట్ట వైపు తిరిగి, గట్టిగా మొదలుపెట్టాడు.

“ఏమమ్మా కట్టెలూ, బాగా ఎండారా? మీకో విషయం చెప్పాలి. పన్నెండింటికి చర్చి వ్యాను మంచుదారి ఎక్కుతుంది. పేజీలో నలభై ఆరుంది. గడ్డ ముప్పై ఎనిమిదే ఉంది. బడిలో యంత్రం గుమ్మానికి ఎవరో చీపురు పెట్టి పోయారు. పేరు చూశాను. మీకు చెప్పమంటారా, చెప్పొద్దంటారా?”

కిటికీ తెర కదిలింది. రెక్క తెరుచుకుంది. కౌకో తల బయటికొచ్చింది, గడ్డం సగం గీసుకుని.

“చీపురుంది, కనపడలేదా?”

“కనపడింది కాబట్టే కట్టెలతో మాట్లాడుతున్నా.”

“ముప్పై ఎనిమిదా?”

“మూడు చోట్ల. నీ కర్ర కూడా అదే అంటోంది. నీ కర్ర నీకంటే నిజాయితీ గలది.”

“నోరు జాగ్రత్త, తహ్వనైనెన్!”

“ఇంట్లో ఉండి చీపురు పెట్టుకున్నవాడితో ఇంకెలా మాట్లాడతారు?”

కిటికీ మూసుకుంది. కాసేపటికి తలుపు కొంచెం తెరుచుకుని, ఒక చెయ్యి బయటికొచ్చి చీపురు లోపలికి లాక్కుంది. తరవాత కౌకో వచ్చి మెట్టు మీద కూర్చుని బూట్లు తొడుక్కోసాగాడు.

“మంగళవారం సాయంత్రం ఒక్కణ్ణే వెళ్ళాను,” అన్నాడు బూటు తాడు వంక చూస్తూ. “అంకె పక్కన గంట కూడా పడితే బాగుంటుందని స్క్రిప్టులో ఒక వరస కలిపాను. నడిపించాను. ఒకసారి వెంటనే వచ్చింది. మళ్ళీ నడిపించాను. ఏమీ అనదు. నిమిషం. రెండు నిమిషాలు. నల్లగా, ఉలుకూ పలుకూ లేదు.”

“అప్పుడు?”

“ముప్పై ఏళ్ళు రంపం దగ్గర పని చేసినవాణ్ణిరా. యంత్రం బిగుసుకుపోతే ముందు కరెంటు తీస్తాం. లేకపోతే చెయ్యి పోతుంది.”

“గోడలోంచి పీకేశావా!”

“పీకేశాను. మళ్ళీ పెట్టాను. బాగానే లేచింది. నేను కలిపిన వరస తీసేసి ఇంటికొచ్చాను.” ఆగాడు. “నిన్న తరగతిలో చీపురు చూశాను. పక్కన నా పేరు. అందరి ముందూ నాది అని చెప్పి తీసేదా? నువ్వు పక్కన కూచుని ఉండగానా? తరవాత వచ్చి తీద్దామనుకున్నా. నిన్న మధ్యాహ్నం వచ్చాను, నువ్వక్కడ. సాయంత్రం వచ్చాను, నువ్వక్కడ. ఆ నీలం పుస్తకం పెట్టుకుని, దొంగకోసం మాటేసినట్టు రోజంతా ఆ కుర్చీలోనే ఉంటావు కదరా. ఎప్పుడు తియ్యమంటావు?”

అర్మాస్‌కి నిన్న సాయంత్రం బడి కిటికీ బయట మంచులో అడుగుల చప్పుడు విని, ఎవరబ్బా అనుకుని, దీపం ఆర్పకుండా ఇంకో గంట కూర్చున్నది గుర్తొచ్చింది.

“చీపురుంటే పేజీ నిలిచిపోతుందని తెలుసా నీకు?” అన్నాడు చివరికి.

“అంత దూరం ఆలోచించలేదు,” అన్నాడు కౌకో, బూటు తాడు ముడి రెండోసారి వేస్తూ.

ఆ మాట అర్మాస్ సగమే నమ్మాడు. మిగతా సగాన్ని తరవాత చూసుకోవచ్చని కదిలాడు. “పద. గడ్డం దారిలో ఎండుతుంది.”

బడికి చేరేసరికి పదకొండు దాటింది. తెర ముందు కుర్చీ కౌకోకి వదిలేసి అర్మాస్ పక్కకి జరిగి నిలబడ్డాడు. కౌకో తన పేరుతో లోపలికి వెళ్ళి, ఒక్కొక్క మీటా వెతుక్కుంటూ ఆజ్ఞ కొట్టాడు.

తెర ఏమీ అనలేదు.

“ఏమీ అనలేదు,” అన్నాడు అర్మాస్.

“అనకూడదుగా.”

“జాబితా తెప్పించు.”

తెప్పించాడు. చీపురు లేదు. స్క్రిప్టు నడిపించాడు. మళ్ళీ మౌనం. ఆ మౌనం పొడుగ్గా సాగింది. కౌకో చెయ్యి తనకు తెలియకుండానే గోడ వైపు వెళ్ళింది. అర్మాస్ ఆ చేతిని పట్టుకుని ఒళ్ళో పెట్టాడు. ఊరి పేజీ దాకా పోయి రావడానికి దానికి ఈసారి రెండు నిమిషాల ఇరవై సెకన్లు పట్టింది. తరవాత ఆజ్ఞ కొట్టే గుర్తు తిరిగి వచ్చింది. అర్మాస్ ఫోను తీసి పేజీ తెరిచాడు.

ముప్పై ఎనిమిది.

ఇద్దరూ ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకోకుండా బయటికొచ్చి, గట్టు దిగి, గేటు దగ్గరికి నడిచారు. ఒక తాడు అర్మాస్ వదిలాడు, ఒకటి కౌకో. పసుపు, ఎరుపు చారల దూలం దారికి అడ్డంగా పడింది. పన్నెండుకి పది నిమిషాలుంది.

పన్నెండుకి ఐదు నిమిషాలుండగా చర్చి వ్యాను గట్టు మలుపు తిరిగింది. నడిపే ఆమె హెల్వీ కొక్కో, యాభై ఏళ్ళ గట్టి మనిషి, చర్చి వంటింటి పెత్తనమూ ఆమెదే. దూలం ముందు ఆపి అద్దం దించింది.

“ఏమిటిది పెద్దాయనా? పొద్దున కాఫీ తాగుతూ చూశాను, నలభై ఆరుంది.”

“ఇప్పుడు చూడు.”

ఫోను తీసింది. చూసింది. అర్మాస్ వంక చూసింది, కౌకో సగం గడ్డం వంక చూసింది.

“మూడు గంటల్లో ఎనిమిది సెంటీలు కరిగిందా?”

“కరగలేదు. పేజీ మూడు రోజులుగా ఆగి ఉంది,” అన్నాడు కౌకో. “మేమే... నేనే...”

“మీరిద్దరూ బడిలోంచి కలిసి నడిచి రావడం పై బాట మీంచి చూశాను. నేను పుట్టాక మీరిద్దరూ కలిసి నడవడం ఇదే మొదటిసారి.” హెల్వీ వ్యాను ఇంజను ఆపింది. “అక్కడ ఆరుగురు కోట్లు తొడుక్కుని గుమ్మాల్లో కూచున్నారు. సాల్మన్ సూపు పొయ్యి మీదుంది. జనవరిలో నాలుగు రోజులు తిప్పారు. ఇవాళ బడిలోకి వెళ్ళి అంకె మార్చుకుని వచ్చి గేటు దించారు. ఏం నాటకమిది?”

కౌకో ముఖం ఎర్రబడింది. అర్మాస్‌కి మాత్రం కోపం రాలేదు. తన అంకె మీద ఎవరైనా అనుమానపడితే ఒళ్ళు మండే మనిషి, వింతగా, ఈ మనిషి మాటల్లో తప్పేమీ కనపడక నిలబడిపోయాడు. పేజీని నమ్మలేదు, కార్యదర్శిని నమ్మలేదు, తనని నమ్మలేదు. ఆమె స్థానంలో తనున్నా అదే అడిగేవాడు.

గేటు స్తంభానికి ఆనించిన బరమా, కొలబద్దా తీసి ఆమె చేతికిచ్చాడు.

“దిగు. కర్ర వైపు కొంత దూరం నడు. నీకిష్టమైన చోట తవ్వు. మేం రాం.”

హెల్వీ దిగింది. వంటింటి బూట్లతోనే దూలం కిందనుంచి దూరి, సరస్సు మీద నడుచుకుంటూ వెళ్ళింది. ఇద్దరు ముసలాళ్ళూ గట్టు మీద నిలబడి చూశారు. ఆమె వంగి బరమా తిప్పడం చిన్నగా కనిపించింది. నీళ్ళు ఉబికినప్పుడు వెనక్కి గెంతింది. చివర కొక్కెం ఉన్న కొలబద్ద బెజ్జంలోకి దింపి, మోకాళ్ళ మీద కూర్చుని, చాలాసేపు చూసింది. లేచి ఇంకో ఇరవై అడుగులు పోయి మళ్ళీ తవ్వింది.

“బాగా తవ్వుతోంది,” అన్నాడు కౌకో.

“భుజం పైకెత్తుతోంది,” అన్నాడు అర్మాస్.

తిరిగి వచ్చేసరికి ఆమె ఎడమ చెయ్యి మోచేతి దాకా తడిసిపోయింది. బరమా పుల్లమంచుతో నిండి ఉంది. కొలబద్ద మీద వేలు పెట్టిన చోటునుంచి వేలు తియ్యకుండా తెచ్చింది.

“ముప్పై ఏడున్నర. రెండో చోట ముప్పై ఏడు. రంపపు పొట్టులా రాలుతోంది.”

అర్మాస్ నోరు తెరిచాడు. ఆ అర సెంటీ ఎక్కడికి పోయిందో అడగాలనుకున్నాడు. కౌకో మోచేత్తో పొడిచాడు.

హెల్వీ వ్యాను మెట్టు మీద కూర్చుని, తడిచెయ్యి కోటుకి తుడుచుకుని, ఆవలి గట్టుకి ఫోన్ చేసింది. “చుట్టూ తిరిగి వస్తున్నానమ్మా, గంట పడుతుంది. కోట్లు విప్పుకుని కూచోండి.” అటునుంచి ఒక ముసలి గొంతు గట్టుదాకా వినపడింది: “దారి మూసింది ఎవరు? అర్మాసా, పేజీయా?”

హెల్వీ ఇద్దరి వంకా ఒకసారి చూసింది.

“నేనే మూశాను,” అంది. “నేనే తవ్వి చూశాను.”

తలుపు లాక్కుని, వ్యాను వెనక్కి తిప్పింది.